చుక్కవ్వ కథలో మేం వెనక్కి తిరిగే చోటు

జూన్ 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి వరండాలో ఒక సినిమా డైరెక్టర్ కూర్చుని ఉన్నాడు. పేరు అక్షయ్. గడ్డం ఉంది, వయసు లేదు. నన్ను చూడగానే లేచి దయావతి టీచర్ అన్నాడు. ఆంటీ అనలేదు. అందుకని టీ ఇచ్చాను.

చుక్కవ్వ కథ కావాలట. తీసుకొచ్చింది జెస్సికా. నా మనవరాలు పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో టాబ్లెట్లు పరీక్ష చేస్తుంది. సెలవు రోజుల్లో షార్ట్ ఫిలింలలో ఏడుస్తుంది. ఇది మాత్రం థియేటర్లో ఆడే సినిమా, తనే హీరోయిన్ అంది.

కథ చెప్పాను. దొర పిలిస్తే గడీకి పోని కోడలు చుక్కవ్వ. దొర ఆమె మీద హారం దొంగతనం మోపాడు. ఊరి నడుమ గుంజకు కట్టించి, చీర లాగించి, కొట్టించాడు. మర్నాడు హారం దొర సందుగలోనే దొరికింది. ఊరంతా కాళ్ళు పట్టుకున్నా ఆమె ఆ ఊరి నీళ్ళు ముట్టకుండా నడిచి వెళ్ళిపోయింది.

కోతల పండుగకు మా చర్చిలో స్త్రీల సహవాసం ఏటా కోలాటం వేస్తూ ఈ కథ పాడుతుంది. నడుమ గుంజ ఉందనుకుని దాని చుట్టూ తిరుగుతాం. ఒక్క పద్ధతి మాత్రం తప్పదు. గుంజ ఘట్టం రాగానే పాట ఆపేసి, ఆనాడు ఆ ఊరి ఆడవాళ్ళు చేశారన్నట్టే గుంజకు వీపు పెట్టి నిలబడతాం. కోలలు మోగుతూనే ఉంటాయి. అవి ఆగాక మళ్ళీ లోపలికి తిరిగి, హారం దొరికిన దగ్గర ఎత్తుకుంటాం. మా అమ్మా ఇలాగే చేసింది, వాళ్ళ అత్తా ఇలాగే చేసింది.

అక్షయ్ అంతా ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. గుంజ దగ్గర ఏం జరిగిందో వివరంగా పాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. లేరన్నాను. అయ్యో అన్నాడు.

జూలై 3, గురువారం

స్క్రిప్టు పంపాడు. చుక్కవ్వ మాట్లాడటం తక్కువ, తడవడం ఎక్కువ. వానలో తడుస్తుంది. బావి దగ్గర తడుస్తుంది. దొర ఇంట్లో బిందె ఒలికి తడుస్తుంది. ఊరి నీళ్ళు ముట్టని మనిషి మీద ఇన్ని నీళ్ళు పోశారు. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రాశాను: ఈమెకు జలుబు చేయదా?

గుంజ ఘట్టం వచ్చాక ఎర్ర ఇంకు అయిపోయేలా ఉంది.

జెస్సికాను కూర్చోబెట్టి, వద్దని చెప్పాను. గుంజ సీన్‌లో తన మొహం మాత్రమే చూపిస్తామని అగ్రిమెంటులో రాయించుకుందట. అయినా వద్దన్నాను. అప్పుడు అంది:

"నానమ్మా, గుంజకు కట్టేది నన్ను, నిన్ను గాదు. ఏడ ఆగాల్నో నాకెరుకే."

కోపం వచ్చింది. తర్వాత ఇంకేదో కూడా వచ్చింది. దానికి పేరు పెట్టి ఆమె ముందు లోకువ కాదలచుకోలేదు.

జూలై 19, శనివారం

షూటింగ్ మూతపడ్డ ఫ్యాక్టరీ ఆవరణలో. ప్లైవుడ్ గడీ వేశారు. దాని వెనక పాత పొగగొట్టం. దొరవారికి బాయిలర్ ఉండేదేమో. ఊరి ఆడవాళ్ళ వేషాలకు మా సహవాసాన్నే పిలిచారు. నా స్నేహితురాలు అరుణమ్మ బిర్యానీ కోసం వచ్చానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది.

పొద్దున జెస్సికాను కుర్చీలో కూర్చోబెట్టి, మొహాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశారు. నవ్వు, ఏడువు, కళ్ళు మూయి, తెరువు. ఆధార్ కోసం కూడా ఇంత తీయరు. సీన్లన్నిట్లో ఒకేలా కనబడటానికట, కంటిన్యూటీ అన్నారు.

తర్వాత గుంజ. జెస్సికాను కట్టారు, ఉత్తుత్తి ముడే. మేం చుట్టూ నిలబడి ఆమెనే చూస్తూ ఏడవాలి. యాక్షన్ అనగానే ఎవరో మూడ్ కోసం స్పీకర్లో కోలల చప్పుడు పెట్టారు. అంతే. మేమంతా గుంజకు వీపు పెట్టి తిరిగిపోయాం. ఎవరూ అనుకుని చేయలేదు. కాళ్ళు తిరిగాయి, మేం వాటితో పోయాం.

కట్ అన్నాడు అక్షయ్. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తిరిగాం. చప్పుడు తీసేశాడు, అయినా తిరిగాం. అమ్మలూ అటు చూడండి, మీరు చూస్తేనే జనం చూస్తారు అని బతిమాలాడు. మంచి మాటే చెప్పాడు, తనకు తెలియకుండా. అరుణమ్మ మాత్రం కదల్లేదు.

"ఏడుపైతే ఎంతంటే అంత ఏడుస్తం బిడ్డా. అటు తిరుగుడు మాత్రం మాతోని గాదు."

మధ్యాహ్నం కొత్త జాకెట్ తెచ్చారు. జెస్సికా హుక్కుల దగ్గర దారాన్ని గోటితో లాగి చూసింది. టాబ్లెట్ విరిగేదాకా నొక్కి చూసే ఉద్యోగం కదా. దారం పుటుక్కున తెగింది. ఒక్క గుంజుడుకు ఊడొచ్చేలా కుట్టారు. ఆ జాకెట్‌ను మడిచి డైరెక్టర్ కుర్చీలో పెట్టి, తన బట్టలు వేసుకుని వచ్చింది. ఇది అగ్రిమెంటులో లేదు, చేయను అంది. గొంతు పెంచలేదు. అక్షయ్ ఓకే ఓకే అన్నాడు. అంత తేలిగ్గా ఓకే అనేవాణ్ణి నేను క్లాసులో కూడా నమ్మలేదు.

ఆటోలో అరుణమ్మ ఒక సంగతి చెప్పింది. మేం వెనక్కి తిరిగినప్పుడు, లైట్లు పట్టుకుని అప్పటిదాకా జెస్సికాను కళ్ళార్పకుండా చూస్తున్న పోరగాళ్ళు తలలు దించుకున్నారట. నీ మొహం చూసి జడుసుకున్నారులే అన్నాను.

జూలై 20, ఆదివారం

బిర్యానీ ఎవరికీ పడలేదు. జెస్సికా హాయిగా నిద్రపోయింది.

నవంబర్ 4, మంగళవారం

ట్రైలర్ వచ్చింది.

గుంజ. తడిసిన వీపు. చిరిగిన జాకెట్. తర్వాత ఆ మనిషి ఇటు తిరిగింది. మొహం జెస్సికాది. ఒళ్ళు ఎవరిదో.

పొయ్యి దగ్గర నిలబడి చూసింది జెస్సికా. అన్నం అడుగంటే దాకా చూసింది. నేను కాదు నానమ్మా అంది. తెలుసన్నాను. నీ మెడ నాకు తెలియదా, నూనె రాసి పెంచింది నేను.

అక్షయ్ ఒక్కసారి ఫోన్ ఎత్తాడు. షూటింగ్ రోజు తీసిన ఫొటోల్లోని మొహాన్ని ఏ టెక్నాలజీతోనైనా వాడుకోవచ్చని అగ్రిమెంటులో చిన్నక్షరాల్లో ఉందట. క్లాసిక్ కథ టీచర్, క్లైమాక్స్‌లో జనం ఏడుస్తారు అన్నాడు. ఒళ్ళు ఎవరిదని అడిగాను. ఎవరో జూనియర్ ఆర్టిస్ట్, పేరు గుర్తు లేదన్నాడు.

పేరు గుర్తు లేదట.

నవంబర్ 6, గురువారం

నా కొడుకు ఏలీయాకు తను పనిచేసే కంపెనీ క్యాంటీన్‌లో ఎవడో ఫోన్ చూపించాడు, నీ బిడ్డేనా అని. తినకుండా వచ్చేశాడు. జెస్సికాను వాళ్ళ ఆఫీసు కొన్నాళ్ళు సెలవు పెట్టమంది. ల్యాబ్‌లో వాతావరణం బాగుండాలట.

పోలీసుల దగ్గర సైబర్ ఫిర్యాదు ఇచ్చాం. తీసుకున్నారు. సంగారెడ్డి కోర్టు దగ్గర లాయర్ నరసింహమూర్తి మంచి మనిషి, కేసు నిలబడుతుందన్నాడు. కానీ సినిమా వచ్చే శుక్రవారమే, ఆర్డర్ అంతలో రాదు.

ఏలీయా జెస్సికాను జహీరాబాద్‌లో పిన్ని ఇంటికి పంపిద్దామన్నాడు, గొడవ సద్దుమణిగే దాకా. చుక్కవ్వ కూడా ఊరు విడిచి పోయింది కదా అమ్మా అన్నాడు.

"హారం దొరికినంక పోయింది, ముందు గాదు" అన్నాను.

నవంబర్ 9, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద స్టాన్లీ మమ్మల్ని పక్కకు పిలిచాడు. నా దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నవాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మాకందరికీ నమ్మకమే టీచర్, కానీ జనం నోళ్ళు మూయలేం, అందాకా జెస్సికా క్వాయర్‌లో నిలబడకపోతే బాగుంటుంది అన్నాడు. తర్వాత ఇంకో ఉపాయం చెప్పాడు. జెస్సికాకు చిన్నప్పుడు భుజం వెనక గంజి ఒలికిన మచ్చ ఉంది కదా. సినిమాలో ఆ వీపు మీద మచ్చ లేదు. కమిటీలో ఇద్దరు ఆడవాళ్ళు లోపలి గదిలో ఒకసారి చూసి, సంఘానికి చెప్పేస్తే సరి.

ట్రైలర్ ఎంత శ్రద్ధగా చూశాడో అర్థమైంది.

మేలు చేస్తున్నాననే అనుకున్నాడు, పాపం. జెస్సికా చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది. అది చూశాక ఇక నేను ఆగలేదు.

"స్టాన్లీ, గుంజ నువ్వే తెస్తవా, మా ఇంట్లకెల్లి తెచ్చుకోవాల్నా?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. అయ్యాక తల వంచుకున్నాడు. జెస్సికా నేరుగా పోయి క్వాయర్ గౌను మడిచి సంచీలో పెట్టుకుంది. ఉతికి వచ్చేవారం వేసుకుంటానంది. ఇంటికొచ్చి రెండోసారి కూర వడ్డించుకుంది. చాలా రోజులైంది అట్లా తిని.

నవంబర్ 12, బుధవారం

పొద్దున చిక్కుడుకాయలు తుంచుతూ అడిగింది.

"మీరు వెనక్కి తిరిగితే చుక్కవ్వకు దెబ్బలు తాకకుంట పోయినయా నానమ్మా?"

ఇన్నేళ్ళలో ఏ పిల్లా నన్ను ఇంత మంచి ప్రశ్న అడగలేదు.  తాకాయి. మరి ఆ ఊరి ఆడవాళ్ళు ఎందుకు తిరిగారు? పాపం చూడలేక అనుకున్నాను ఇన్నాళ్ళూ. చూడలేకపోతే కళ్ళు మూసుకోవచ్చు. ఇంటికి పోవచ్చు. ఒళ్ళంతా తిప్పి అక్కడే నిలబడటం దేనికి?

సాయంత్రం అరుణమ్మ ఇంటికి పోయాను. ఆ లైట్ల పోరగాళ్ళ సంగతి మళ్ళీ చెప్పమన్నాను.

నవంబర్ 14, శుక్రవారం, సాయంత్రం ఆరు

మ్యాట్నీకి పోయి వచ్చాం. చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది, అయినా రాస్తున్నాను.

సంగారెడ్డి థియేటర్. సహవాసం అంతా వచ్చింది, రాములమ్మ నొప్పుల మోకాళ్ళతో సహా. గేటు దగ్గర సంచులు వెతికి వాటర్ బాటిళ్ళు లాక్కున్నారు. కోలలు చూసి, భజనకా అని వదిలేశారు. జెస్సికా మాస్కు పెట్టుకోలేదు. వద్దనిపిస్తే రాకు బిడ్డా అన్నాను. నాకోసమే కదా, నేనే ముందు నడుస్తానంది.

హాలు దాదాపు నిండింది, అంతా మగవాళ్ళే. చుక్కవ్వ తడిసినప్పుడల్లా ఈలలు. గుంజ రాగానే లేచాం. నడవాల్లో ఇద్దరిద్దరం, జెస్సికా తెర కింద నడుమ. తెరకు వీపు పెట్టి తిరిగి నిలబడి కోలలు వేయడం మొదలుపెట్టాం.

అప్పుడు చూశాను. కథలో ఆ ఆడవాళ్ళు ఎవరి వైపు తిరిగారో. గుంజ చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్ళ వైపు.

తెర వెలుగు వాళ్ళ మొహాల మీదే పడుతోంది. ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపించింది. నోరు తెరిచినవాడు మూశాడు. ఒకడు సీటు కింద ఏదో వెతకడం మొదలుపెట్టాడు, చాలాసేపు దొరకలేదు. ఫోన్ పైకెత్తినవాడు జెస్సికాను చూశాడు, తలెత్తి తెర మీద అదే మొహాన్ని చూశాడు, మళ్ళీ జెస్సికాను చూసి ఫోన్ దించాడు. జెస్సికా వాణ్ణి చూస్తూనే ఉంది. ఈల ఒక్కటి సగంలో ఆగింది. మా వెనక కొరడా చప్పుళ్ళు, ముందు కోలలు. ఆ ఒళ్ళున్న అమ్మాయి పేరు మాకూ తెలియదు. ఆమె కోసం కూడా వేశాం.

ఎనిమిదో వరసలో స్టాన్లీ ఉన్నాడు. విచారణ కోసం వచ్చానని తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం చేతిరుమాలు వెనక ఉన్నాడు.

మేనేజర్ వచ్చి కూర్చోమన్నాడు. ఘట్టం అయిపోనీ నాయనా అన్నాను. అయిపోయాక కూర్చుని మిగతాది చూశాం, టికెట్ కొన్నాం కదా. హారాన్ని ఒక హీరో వెతికి తెచ్చాడు. చుక్కవ్వ అతని కాళ్ళ మీద పడింది. నవ్వింది నేనొక్కదాన్నే అనుకున్నాను. జెస్సికా కూడా.

నవంబర్ 15, శనివారం

సంగారెడ్డిలో ఆట ఎత్తేశారట. జహీరాబాద్‌లో ఇంకా ఆడుతోంది. జెస్సికా కోలలు సంచీలో పెట్టింది. వాటర్ బాటిల్ వద్దంది.