అండమాన్ ప్లాను నాదే

ఆదివారం రాత్రి, 2007 మే

చర్చి అయ్యాక కుర్రాళ్లందరం అండమాన్ ట్రిప్పు గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. ఎక్కడెక్కడికి వెళ్లాలో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. వాళ్లంతా కాలేజీ వాళ్లు. వాళ్ల ముందు లేచి మాట్లాడటం నావల్ల కాదు. అందుకే పక్కనున్న సుధీర్‌కి మెసేజ్ కొట్టాను. ముందు పోర్ట్‌బ్లెయిర్‌లో పాత జైలు, అక్కణ్ణుంచి ఓడలో హావ్‌లాక్ బీచి, చివర్న నీల్ దీవి. అక్కడ పడవల మీద పనిచేసే మా బాబాయ్ ఫోన్లో చెప్పినవే అన్నీ. నా బదులు చదువుతాడనుకున్నాను.

చదివాడు. నా పేరు మాత్రం చెప్పలేదు.

పాస్టరుగారు "ఆయ్, భలే ఆలోచించేవయ్యా సుధీరూ! లీడరువి నువ్వే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వచ్చేవాళ్ల పేర్లు రాస్తుంటే సుధీరే నన్ను చూపించి అన్నాడు, "వీడెక్కడొస్తాడండీ? రొయ్యల చెరువు కాపలా ఆయ్. వారం రోజులు వీడికి సెలవెవరిస్తారండీ?"

అందరూ నవ్వారు. ఓనరుగారిని మొన్ననే అడిగాను, సరేనన్నారు. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు లేవలేదు. వాణ్ణి తిట్టుకుంటూ చెరువు గట్టుకొచ్చేశాను. తిట్టుకోవాల్సింది నన్నే కదా.

ఇందాక వాడి మెసేజ్ వచ్చింది. "ఒరే, అక్కడ తినడానికి ఏం బాగుంటాయో మీ బాబాయ్‌ని అడిగి పంపరా."

నా పేరు కూడా రాయించమని టైప్ చేశాను. చెరిపేశాను. పీతల కూర బాగుంటుందని పంపాను. వెనకే బాబాయ్ నంబరు కూడా ఇచ్చేశాను.