వాట్‌గంజ్‌లో ప్రభువు బల్ల

వాట్‌గంజ్,
ఆదివారం

డోర్కాస్ అప్పకు నీ తమ్ముడి వందనాలు.

అక్షరాలు తిన్నగా ఉన్నాయి చూడు, తాగి రాయడం లేదు. మిషను వాళ్లు నన్ను ఫుట్‌పాత్ మీద నుంచి ఈ ఆశ్రమానికి తెచ్చి పదకొండు నెలలైంది. అప్పటినుంచి చుక్క ముట్టలేదు.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. ఇన్ని నెలలూ నేను ఆరాధనలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం తీసుకోలేదు. ఆ ద్రాక్షారసం ఒక్క గుక్క లోపలికి పోతే మళ్లీ ఫుట్‌పాతే గతి అని భయం. నేనేదో పెద్ద పాపం దాస్తున్నానని ఇక్కడి పాస్టరు జీవానందం అయ్యగారు నాకోసం మూడుసార్లు ఉపవాస ప్రార్థన పెట్టించారు. మొన్న గట్టిగా అడిగితే ఉన్నమాట చెప్పేశాను. ఆయన నన్ను వంటింట్లోకి తీసుకెళ్లారు. అక్కడ వంటామె రోజమ్మ ప్రభువు బల్ల రసం కోసం ఎండుద్రాక్ష ఉడకబెడుతోంది.

“ఏటి బాబూ, ఇరవైమంది తాగుబోతోళ్లున్న ఇంట్లో నాను సారా కాస్తానేటి?” అంది.

ఇప్పుడు ఆ పని నాదే. ఉడకబెట్టేదీ, వడకట్టేదీ, ఆదివారం అందరికీ అందించేదీ నేనే.

ఈస్టరుకి షాలిమార్ నుంచి నది దాటి రా అప్పా. నా చేతిలో గ్లాసు చూసి ఎన్నోసార్లు తలుపేసుకున్నావు. ఈసారి అందుకో.

నీ తమ్ముడు