అన్న మొలతాడు

ఆదివారం, గుడియాత్తం

అన్నకు నలభై దాటినా మనసు ఐదేళ్ల బిడ్డదే. మగ్గం చప్పుడు ఆగితే చాలు, వీధెంబడి పోతాడు. తిరిగొచ్చే దావ తెలీదు. అందుకే నేను వేలూరులో ఉన్నా, అన్న యాడుండాడో నా ఫోనుకు చెప్పే చిన్న పెట్టె చేస్తా ఉండాను. వాచీలా కడితే విసిరేస్తాడు. మొలతాడును మాత్రం ఎవర్నీ ముట్టనీడు, కాబట్టి దానికే కట్టాల.

బ్లూటూత్ మా వీధి దాటదు. సిమ్ వేస్తే చిన్న బ్యాటరీ రెండు దినాలకే అయిపోతాది. పెద్దది పెడితే నడుముకు గుచ్చుకుంటాది. ఛార్జింగుకని మొలతాడు విప్పితే ఏడుస్తాడు. పొద్దున అమ్మకు ఇదంతా చెప్పుకున్నాను.

అమ్మ మగ్గానికి నూలు కండెలు చుడతానే, "కొత్తది కట్టినాకనే కదమ్మా పాత మొలతాడు కోసేది? పెట్టెలు రెండు చెయ్యి. ఒకటి నడుముకు, ఒకటి ఛార్జింగుకు" అనింది. ఇన్ని నెలలు నాకు తట్టనే లేదు!

సంబరంగా అన్న దగ్గరికి పోయి, "నీకు ఎర్ర తాడా, నల్ల తాడా?" అని అడిగినాను.

"నాకు నల్లది. నీకు ఎర్రది."

"నాకెందుకన్నా?"

"నువ్వే కదా వేలూరికి పోతే రావు."

రేపు పొద్దున్నే వేలూరు బస్సుకు పోవాల. బ్యాగు సర్దబుద్ధి కాలేదు…