ఏడో బోరు

కొండ మీద క్యాంపు
జనవరి 6

ప్రియమైన సుజానాకు,

ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. అందుకే కూరగాయల జీపు అప్పన్నతో ఈ ఉత్తరం. ముప్పై ఏళ్ల కిందట ఏదో కంపెనీ మన కొండకి అవతలి వైపు విషపు డ్రమ్ములు పాతిపెట్టి పోయిందట. ఆ గొయ్యి చుట్టూ బోర్లు వేసి, పల్చగా కలిపిన సిమెంటు పంపుతో లోపలికి కొడుతున్నాం. రాతి పగుళ్లన్నీ పూడి, భూమిలోపల గోడ కట్టినట్టవ్వాలి. పంపు నడిపేది నేనే. ఏడో బోరు మాత్రం అరవై బస్తాలు మింగినా ప్రెషర్ ఎక్కడం లేదు. "తాగనీవయ్యా, కడుపు నిండితే అదే ఆగుద్ది" అంటాడు ఇంజనీరు శివప్రసాద్.

నీకు ఐదో నెల. రెండుసార్లు పోయాక నిలిచిన కడుపు. మా అమ్మ మాటలు పట్టించుకోకు. నీళ్లు బాగా తాగు.

ప్రేమతో,
స్తెఫను

జనవరి 10

ప్రియమైన మావకు వందనాలు.

నువ్వు చెప్పినట్టే కడవలకొద్దీ తాగుతున్నాను. రెండు రోజులుగా మన ఊటలో నీరు తెల్లగా వస్తోంది. ఆసుపత్రి నర్సమ్మ వాళ్లు వానాకాలం బ్లీచింగ్ వేస్తారు కదా, ఈసారి బేగి, జనవరిలోనే వేశారని ఊరంతా సంబరం. పక్క ఊరి వాళ్లు కూడా బిందెలతో వస్తున్నారు. అత్త నీళ్లు కాచడం మానేసింది. "తెల్లగుంటే మందేసినట్టే. ఇంక కట్టెలెందుకు తగలెయ్యడం" అంది.

నిన్న చర్చి మెట్ల మీద మళ్లీ నా మాట ఎత్తింది. "దీని ఒంట్లోనే దోసం" అని. అందరూ విన్నారు. ఈ బిడ్డ నిలిస్తే చాలు మావా, నాకింకేమీ వద్దు.

నీ సుజానా

జనవరి 13

సుజానా,

ఆ నీరు ముట్టుకోవద్దు. కాచినా తాగొద్దు. ఆ తెలుపు నా ఏడో బోరు సిమెంటు. గొయ్యి దగ్గర కొట్టింది ఊటలో తేలిందంటే, ఆ దారినే డ్రమ్ముల నీరు ఇన్నేళ్లూ మన ఇళ్లకి వచ్చింది. నీ ఉత్తరం శివప్రసాద్‌కి చూపించాను. "ఊట సంగతి ఎక్కడా రాయకు. ఈ బోరు వదిలేసి ఎనిమిదోదానికి పద" అన్నాడు.

నేను వదల్లేదు. సిమెంటు చిక్కగా కలిపి కొడుతున్నాను. ఇప్పుడు పంపు ఆపితే పైపులోనే గడ్డకట్టి పనంతా పోతుంది, లేకపోతే పరుగున వచ్చేవాణ్ణి. ఆ దారి మూసుకుంటే ఊట కూడా ఆగిపోతుంది. ఊరు నన్ను తిడుతుంది. తిట్టనీ.

ఆ ఇద్దరు బిడ్డలూ నీ ఒంటి వల్ల పోలేదు. నాకు ఏడుపు ఆగడం లేదు.

స్తెఫను

జనవరి 20

ప్రియమైన మావకు,

శుక్రవారం పొద్దున ఊట ఆగిపోయింది. గంటసేపు నడిచి, కింద పారే గెడ్డ నుంచి నీళ్లు తెచ్చుకుంటున్నాం. అవైనా మంచివో కాదో చెప్పేవాళ్లు లేరు. నర్సమ్మ వచ్చి కడుపు చూసింది. "బిడ్డ ఉంది. ఇంతకు మించి నన్నడగొద్దు" అంది.

నిన్న ఆరాధన అయ్యాక, సాక్ష్యాలు చెప్పే వేళ, ఎన్నడూ లేవనిదాన్ని నేను లేచాను. నీ ఉత్తరం మొత్తం చదివాను, ఆఖరి మాటలతో సహా. ముందు గంగ వదిన లేచింది. "నాకు రెండు పోయాయి" అంది. తర్వాత ఒక్కొక్కరే, మొత్తం పదకొండు మంది. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లం మా పాపమే అనుకుని నోరు మూసుకున్నాం. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగిపోయారు.

అందరికంటే ఆఖరున, గోడ పట్టుకుని అత్త లేచింది. నీ తర్వాత ముగ్గురు పోయారట, మావా.

నీ సుజానా