శనగచేలో అక్క గొంతు

ఆళ్ళగడ్డ
మౌనం తొమ్మిదో రోజు

చిరంజీవి కరుణాకర్‌కు అక్క ఆశీస్సులు.

నేను కులాసా. ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను, అందుకే ఈ ఉత్తరం. నలభై ఒక్క రోజులు నోరు విప్పనని అహోబిలం స్వామికి మొక్కుకున్నాను. ఎందుకో నీకు తెలుసు. హేమలత నిన్ను వదిలి చాగలమర్రిలో పుట్టింటికి పోయి ఏడాది దాటింది. పదిహేనేళ్ళ కాపురంలో నువ్వు తనతో కన్నా ఆ బొమ్మ విమానాలతోనే ఎక్కువ మాట్లాడావని ఆమె అంది. నా మౌనం ముగిసేదాకా నువ్వు విమానం ముట్టకుంటే తిరిగి వస్తానంది. నువ్వూ సరే అన్నావు. నా వంతు నేను చేస్తున్నాను. నీ వంతు నువ్వు చెయ్యి.

నువ్వు ఈ ఇంటి గడప తొక్కి నాలుగేళ్ళయింది. ఒక ఆదివారం వచ్చిపో. మాట్లాడను గానీ అన్నం పెడతాను.

ఇట్లు,
ఉమాదేవి

తా.క.: నన్ను మాట్లాడించాలని పక్కింటి ఈరమ్మ పందెం కాసిందట. నిన్న నా వెనక చేరి "పాము, పాము" అని అరిచింది. పక్కకు జరిగాను. పాము లేదు.


నంద్యాల

అక్కకు వెయ్యి దండాలు.

నీ మాట దాటుతానా అక్కా? విమానం వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు. పొద్దున సెల్ రిపేరు దుకాణం తీస్తే రాత్రి మూయడమే. ఆదివారం కూడా తీరిక లేదు, లేకుంటే రానా?

హేమ అన్నది పూర్తిగా నిజం కాదు. నేను విమానంతో మాట్లాడను, విమానమే నాతో మాట్లాడుతుంది. దీన్ని టెలిమెట్రీ అంటారు. విమానం కడుపులో అగ్గిపెట్టెంత పరికరం ఒకటి పెట్టాను, నా చేత్తో చేసిందే. ఎంత ఎత్తులో ఉంది, బ్యాటరీ ఎంత మిగిలింది, అంతా రేడియోలో కిందికి పంపుతుంది. కింద నా పక్కనున్న పెట్టె దాన్ని మాటల్లో చదువుతుంది. విమానం మీద నుంచి కళ్ళు తిప్పకూడదు కదా, అందుకని చెవులకు చెప్పించుకోవడం. బజారులో దొరికే పెట్టెల్లో ఒక ఇంగ్లీషు పిల్ల మాట్లాడుతుంది. ఆమె "దించు" అంటే నాకు దించబుద్ధి కాదు. అందుకే నేను భయపడే గొంతు ఒకటి పెట్టుకున్నాను. ఇంజను మోతలో వినపడాలని ఆటోకు కట్టే మైకు తగిలించాను. ఇదంతా పాత సంగతి.

నీ తమ్ముడు,
కరుణాకర్

తా.క.: పెట్టె అటక మీదుంది. హేమ పాత చీర కప్పాను. దాని మీద వేలు మందం దుమ్ము. నీ మీద ఒట్టు. వద్దులే, వ్రతంలో ఉన్నావు, నా మీదే ఒట్టు.


ఆళ్ళగడ్డ
మౌనం ఒకటో రోజు

కరుణాకర్‌కు ఆశీస్సులు.

పైన ఒకటి అని సరిగానే రాశాను. వ్రతం చెడింది.

నిన్న ఆదివారం ఈరమ్మ వచ్చి చెయ్యి తిప్పింది. "ఏం ఉమక్కా, దేవునికే టోపీ పెడ్తాండావే! కోసిన శనగచేను కాడ నీ గొంతు నా చెవులారా ఇన్న్యా. 'ఇంగ చాలు, బేగా ఇంటికి రా నాయనా' అని అరుస్తాండావు" అంది. నేను ఆ పొద్దంతా పూజగదిలో ఉన్నాను. ఈరమ్మ మాట కదా అని, పరుపులు కుట్టే లాల్ సాహెబ్‌ను పలక మీద రాసి అడిగాను. ఆయన అబద్ధం ఆడడు. తల గోక్కున్నాడు. "ఏం చెప్పేదమ్మా, నీ గొంతే. నూట ఎనిమిది అనినావు. కాసేపటికి నూట పదహారు అనినావు. జపం చేస్తాండావేమోలే అనుకున్యా" అన్నాడు.

నాకు తెలియకుండా నా నోరు ఊరు తిరుగుతోందేమో. తప్పు నాదే. మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టాను. హేమలతకూ రాశాను. పాపం, ఆమె కూడా అన్నాళ్ళు ఆగాలి.

అక్క

తా.క.: ఈరమ్మ పందెం గెలిచింది. కోడిని గెలిచిందట. కూర నాకూ తెచ్చింది. నేను తిననని ఆమెకు తెలుసు.


నంద్యాల

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. ఇందులో నీ తప్పేమీ లేదక్కా. గాలి మోసుకొచ్చే శబ్దాలు చిత్రంగా ఉంటాయి. లేదంటే వయసు మీద పడి, కునుకులో కలవరిస్తున్నావేమో. అది మాట్లాడటం కిందికి రాదు. ఈరమ్మనూ లాల్ సాహెబ్‌నూ ఇటు పంపు, ఇక్కడ మంచి చెవుల డాక్టరున్నాడు, నేనే చూపిస్తాను.

దేవుడు నీ నోరు చూస్తాడు గానీ ఊరి చెవులు చూస్తాడా? మళ్ళీ మొదలుపెట్టాల్సిన పని లేదు. అయినా నీకు తృప్తి కాకుంటే నీ ఇష్టం. నేను కూడా ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటాను. ఎంత కష్టమైనా సరే.

నీ కరుణ

తా.క.: రమ్మని మళ్ళీ రాస్తావేమో. ఆదివారం కూడా నంద్యాల పొలిమేర దాటే వీలు లేదు. నమ్ము.


ఆళ్ళగడ్డ
మౌనం తొమ్మిదో రోజు, రెండోసారి

కరుణాకర్‌కు ఆశీస్సులు.

మొన్న ఆదివారం మళ్ళీ వినపడింది. ఈసారి పదిమంది విన్నారు. "యాడుండావు నాయనా? ఒక్క మాట చెప్పు" అని నా గొంతు అడిగిందట. నేను స్వామినే పిలుస్తున్నానని, నోరు మూసుకుంటే మాట ఆకాశంలో పలుకుతోందని గుడి కాడ గురుస్వామి తేల్చాడు. అప్పటి నుంచి గడప ముందు చెప్పులు తగ్గడం లేదు. నిన్న ఒకాయన కొడుకు జాతకం తెచ్చి నా ఎదుట పరిచాడు. అదంతా నేను కాదని తల అడ్డంగా ఊపాను. "సంబంధం కుదరదని ఈ అమ్మ చెప్పేసింది" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఎవరో, ఏం పాపం చేసిందో.

ఈసారి లెక్క మొదటికి తేలేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

నీకేమైనా తెలిస్తే చెప్పు నాయనా. తప్పు ఎవరిదైనా సరే, ఒక్క ముక్క రాయి. చాలు.

అక్క

తా.క.: ఇరవై మూడు కొబ్బరికాయలు వచ్చాయి. పచ్చడి చేశాను. నీకిష్టం.


నంద్యాల

అక్కకు సాష్టాంగ నమస్కారం.

నాకేం తెలుస్తుందక్కా, ఇంత దూరంలో ఉన్నవాణ్ణి? కానీ నీ ఉత్తరం చదివాక అనిపిస్తోంది, గురుస్వామి చెప్పిందే నిజమేమో. నలభై ఏళ్ళ పూజ ఊరికే పోతుందా? నువ్వు వద్దనకు. దండం పెట్టేవాళ్ళను పెట్టనీ.

ఆ విమానాల జోలికి పోయి ఉంటే నా చేతులు పడిపోనీ. ఈ మాట హేమకు నువ్వే రాయి. నేను రాస్తే నమ్మదు.

నీ తమ్ముడు

తా.క.: భక్తులను ఆదివారాలు మాత్రం ఆ శనగచేలోకి రానివ్వద్దు. అంతమంది తొక్కితే నేల గట్టిపడుతుంది, రైతు బాధపడతాడు. ముఖ్యంగా పడమటి వైపు, చదునుగా ఉన్నచోట.


ఆళ్ళగడ్డ
మౌనం పదిహేనో రోజు

కరుణాకర్‌కు,

నిన్న ఆదివారం శనగచేను కాడికి వచ్చాను. ఒక్కదాన్నే కాదు. హేమలత నిన్నటిదాకా పదిరోజులు నా దగ్గరే ఉండింది. మళ్ళీ మొదలుపెట్టానని రాస్తే, తోడుంటానని వచ్చింది. కిందటి ఆదివారం ఊరంతా నా గొంతు విన్నప్పుడు ఆమె నా ఎదుటే కూర్చుని పూలు కడుతోంది. నా నోరు కదలలేదని అప్పుడు నమ్మకం కుదిరింది. నీ ఉత్తరాలు కూడా ఆమే చదివి వినిపించింది. నంద్యాల పొలిమేర దాటలేనని రాశావే, ఆ కవరు తిప్పి చూసి, "వదినా, స్టాంపు మీద ముద్ర కూడా ఆళ్ళగడ్డ పోస్టాఫీసుదే, నంద్యాలది లేదు" అంది. చేతికందిన డబ్బాలో వేసినట్టున్నావు. అయినా తొందరపడొద్దని ఆమెను ఆపి, నిన్ను అడిగాను. నువ్వు ఒట్టు వేశావు.

తుమ్మచెట్ల పక్కన నిలబడ్డాం. నువ్వు ఆకాశం వైపే చూస్తున్నావు. విమానం బాగా ఎగిరింది. పెట్టె నా గొంతుతో ఎత్తు చెబుతోంది. ఆ అంకెలు నేను నీకు వాట్సాపులో చెప్పి పంపిన బస్సు టైములవి, ప్రదక్షిణలవి. ముక్కలు కోసి అతికించావు. ఒక్కదానికీ జవాబు రాలేదు, నువ్వు వినడం లేదనుకున్నాను. అన్నీ దాచుకున్నావని నిన్న తెలిసింది.

విమానం దూరమై చెట్ల అవతలికి పోయింది. అప్పుడు పెట్టె అడిగింది, "యాడుండావు నాయనా? ఒక్క మాట చెప్పు." అది అమ్మకు ఊపిరి అందని రోజు నేను నీకు ఆరుసార్లు పంపిన మాట. నువ్వు పెట్టె వైపు తిరిగి, "ఈడే ఉండా లే అక్కా, వచ్చేస్తాండా" అన్నావు.

నీకు నలభై అడుగుల దూరంలో నేనున్నాను. పిలుద్దామని నోరు తెరిచి, మౌనం గుర్తొచ్చి మూసుకున్నాను. పిలిచినా నువ్వు పెట్టె వైపే తిరిగి ఉండేవాడివి.

హేమలత ఏడవలేదు. దారిలో ఒక్కసారి ఆగి, "అందులో నా గొంతు ఒక్క ముక్క కూడా లేదు వదినా" అంది. సాయంత్రం బస్సుకు చాగలమర్రి వెళ్ళిపోయింది. ఇక మొక్కులు మొక్కవద్దని నా చేతిలో చెయ్యి వేయించుకుంది.

నలభై ఒకటీ పూర్తి చేస్తాను. మొదలుపెట్టాను కాబట్టి. నోరు విప్పిన రోజు మొదటి మాట నీతోనే అనుకునేదాన్ని. ఫోను చెయ్యను. నా గొంతు నీ దగ్గర ఉంది. దాన్నే అడుగు, ఎత్తు చెబుతుంది.

నీ చేతులు పడిపోకూడదని స్వామికి చెప్పుకున్నాను. ఆ ఒట్టు నా మీద వేసుకున్నాను.

ఉమాదేవి

తా.క.: నీకు అన్నమూ కొబ్బరి పచ్చడీ తెచ్చాను. తుమ్మచెట్టు మొదట్లో గిన్నె పెట్టి వచ్చాం. నువ్వు చూసి ఉండవు, అది ఎగిరేది కాదు కదా. ఆ గిన్నె అమ్మది. పోస్టులో పంపొద్దు.