ముట్టుకోని లింకు

చిరంజీవి భానుప్రియకు,

పిన్ని దీవెనలు. తెలుగు చదవడం నీకు కష్టమే, అయినా ఈ ఉత్తరం మీ అమ్మ చేత చదివించుకోకు.

రోడ్డు వెడల్పు చేయడానికని తిఫ్రాలో మా ఇల్లు మంగళవారం కూల్చేశారు. అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో ఫోన్‌లోనే చెప్పుకోమని ముందే హిందీలో మెసేజ్ వచ్చింది. కింద లింకు ఉంది. "ఏటిది?" అని మీ బాబాయి చూపిస్తే, నేనే తీసేయమన్నాను. లింకు కనిపిస్తే ముట్టుకోవద్దు, అన్నీ మోసాలేనని నువ్వు చెప్పి వెళ్లావు కదా. మా మంచికే చెప్పావు.

మీ బాబాయి పట్టా పట్టుకుని బుల్డోజర్‌కి అడ్డంగా నిలబడి, "మాకెవరూ ఏటీ చెప్పలేదు బాబూ" అన్నారు. మూడుసార్లు పంపామని ఆఫీసరు తన ఫోన్‌లో తేదీలు చూపించాడు. మీ బాబాయి కాసేపు నా వైపు చూసి, పక్కకు తప్పుకున్నారు.

ఇప్పుడు ఆయనతో రైల్వే షెడ్‌లో పనిచేసిన జగన్నాథం గారి క్వార్టర్‌లో వెనక గదిలో ఉంటున్నాం. ఆ రోజు నుంచి మీ బాబాయి నాతో మాట్లాడటం లేదు.

అమ్మా, నువ్వొకసారి ఆయనకు ఫోన్ చేసి, తప్పంతా నీదేనని చెప్పగలవా? ఇలా అడగకూడదని నాకు తెలుసు.

మీ పిన్ని