నీ పిడికెడు బియ్యం

సూరమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. రేపు కోర్టులో దివాలా దరఖాస్తు ఇస్తున్నాను. తుఫానులో చెరకు పోయినవాళ్ళు అరువు తీర్చలేకపోయారు. ఈ దీవిలో, ట్రియోలే ఊళ్ళో మన దుకాణం నిలవలేదు.

ఇంట్లో ఉన్నదంతా దరఖాస్తులో రాయమన్నారు. రాస్తూ నీ కుండ దగ్గర ఆగాను. రోజూ ఎసట్లో పోసేముందు సింహాద్రి అప్పన్న పూజకని నువ్వు పిడికెడు బియ్యం తీసి వేసిన కుండ.

"అప్పన్నని కూడా అప్పులోళ్ళకి రాసిచ్చేస్తావేటి బావా?" అంది నీ చెల్లెలు.

ఆ కుండని రాయలేదు.

సంచిలో బియ్యం ఆదివారం దాకా రావాలి. అయినా ఈ పూట నా ఒక్కడికీ కొలిచి, అందులోంచి పిడికెడు తీశాను. నా పిడికిలి పెద్దది. నీ చేతికి పట్టేటంత కుండలో వేసి, మిగిలినవి ఎసట్లో పోశాను.